బాబాయ్ పిలిస్తే

సంచి కదిలింది.

చీపురు పట్టుకున్న బాబాయ్ అలాగే నిలబడిపోయాడు. షాంపూ కంపెనీలో కుందేళ్లకు మేత వేసేది ఆయనే. మేనేజరు తప్ప అక్కడ అందరికీ బాబాయే.

పరీక్షల మేడమ్ ఆ సంచిని కారు డిక్కీలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆవిడంటే ఆయనకు మొదటినుంచీ ఒళ్లుమంట. కొత్తగా వచ్చింది. నవ్వదు, పలకరించదు. కుందేలు కంట్లో షాంపూ చుక్క వేయడం, కన్ను ఎంత ఎర్రబడిందో చూడడం, పరీక్ష అయ్యాక సూది పొడిచి చంపి, తీసుకెళ్లి పూడ్చేయడం, అదీ ఆవిడ ఉద్యోగం.

బెదిరి మూల నక్కిన కుందేళ్లను పట్టుకోవడం మాత్రం ఆవిడకు చేతకాదు. ఆ మాటకొస్తే ఎవరికీ చేతకాదు. బాబాయ్ నాలుకతో 'టక్ టక్' మంటే చాలు, గంతులేసుకుంటూ వచ్చి ఆయన కాళ్ల దగ్గర చేరతాయి.

"నా పిలుపు వింటే వాటికి అమ్మ పిలిచినట్టే" అని ఆయన మీసం దువ్వేవాడు.

ఇవాళ సూదికి వెళ్లింది మడతచెవి. ఆయన అరచేతిలో పెరిగిన కుందేలుపిల్ల. చచ్చిన కుందేలైతే సంచి ఎందుకు కదులుతుంది?

"బతికుండగానే మాంసానికి అమ్ముకుంటోందన్నమాట!"

తిన్నగా మేనేజరు గదికి వెళ్లాడు.

"సార్, మేడమ్ కుందేళ్లను ఎత్తుకుపోతోంది."

"బతికున్నవా?"

"నా కళ్లతో చూశాను సార్."

మేనేజరు వెంటనే వ్యాన్ తీయించాడు.

"నువ్వూ రావయ్యా. దొరికితే మంచిదే. కళ్లు పోయినా ఒంటి మీద పరీక్షలకి పనికొస్తాయి."

ఆ మాట బాబాయ్‌కి చురుక్కుమంది. అయినా, కసాయి కత్తి కన్నా నయం కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

మేడమ్ తన ఇంటి తలుపు తీసింది. మేనేజరును చూసి బెదరలేదు. వెనకాల బాబాయ్‌ని చూడగానే ఆవిడ మొహం పాలిపోయింది.

"మీరా బాబాయ్?"

"కుందేళ్లేవి?" మేనేజరు గద్దించాడు.

"చచ్చిపోయాయి. పూడ్చేశాను."

ఇల్లంతా, పెరడంతా వెతికారు. కాస్త గడ్డి, గోడవారన కట్టెల కుప్ప. అంతే.

"ఏం మనిషివయ్యా! లేనిపోని చాడీలు చెప్పి నన్ను ఇంతదూరం తిప్పావు" అని మేనేజరు విసుక్కుంటూ వెనుదిరిగాడు.

అప్పుడు బాబాయ్ కంటపడ్డాయి, కిటికీలో కంటిమందు సీసా, తడి దూది.

అమ్ముకునేవాళ్లు కుందేలు కళ్లకు మందు వేస్తారా? సూది పొడిచానని చెప్పి, ఈ మహాతల్లి ఒక్కొక్కదాన్నీ ఇంటికి తెచ్చి బతికించుకుంటోంది. ఎంత పాపిష్టి నోరు తనది!

మేడమ్ ఆయన వైపే చూస్తోంది. చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఆయన కళ్లతోనే మాటిచ్చాడు. ప్రాణం పోయినా చెప్పడు.

అంతలో కట్టెల సందులోంచి ఒక చెవి కనిపించింది. మడతపడ్డ చెవి.

బతికే ఉంది! బాబాయ్ గుండె పొంగిపోయింది. ఆ సంతోషంలో, ఏళ్ల తరబడి అలవాటైన నాలుక దానంతటదే ఆడింది.

టక్ టక్.

మేనేజరు వెనక్కి తిరిగేసరికి, కట్టెల కిందనుంచి చూపులేని కుందేళ్లు ఒకదాని వెంట ఒకటి, తమ మనిషి వచ్చాడని గంతులేసుకుంటూ వచ్చి బాబాయ్ కాళ్ల దగ్గర చేరాయి.