గండం దాటిందని

వైగై నది పొంగి ఒడ్డు గుడిసెలు మునిగిన ఏడు అది. పళనిలో గుండు గీయించుకుని ముని మదురై ఆసుపత్రికి వచ్చేసరికి భార్య రామాయికి స్పృహ లేదు.

"మెదడులో నెత్తురు కారింది నాయనా," అన్నాడు కొడుకు కదిరవన్.

"తలలో గడ్డ తీసేసిరి, గండం దాటింది, మొక్కు తీర్చి రా అంటివే."

"తీసినాక నెత్తురు కారొచ్చని డాక్టరు అప్పుడే చెప్పె."

"తెలిసే పంపిస్తివా? బతికిందని మురుగన్ సామి ముందర చెప్పి వస్తినే."

"అమ్మే పంపమనె. నువ్వు ఎదురుగా కూచుని భయపడేది చూడలేనని."

ముని మంచం వైపు చూశాడు. కొడుకును తిట్టబోయినవాడల్లా వెళ్లి రామాయి పక్కన కూచున్నాడు.

మర్నాడు పొద్దున డాక్టరు రాగానే, కొడుకును పక్కకు జరిపి తాను ముందుకొచ్చాడు.

"ఇకమీద మంచైనా చెడైనా నాకే చెప్పండి," అన్నాడు.