మొగులు గీత

జీపు మూడోసారి తిరిగి వచ్చింది.

హనుమకొండలో సుబేదారి రోడ్డు మీది రేకుల షెడ్డు కైలాసానిది. గేటులోకి మళ్లుతున్న ఆ బండిని చూసి తల పట్టుకున్నాడు. అది దవాఖాన జీపు. ఆ ఏడు పాలంపేట అవతలి ఊళ్లలో వాంతులు, విరేచనాలు. డాక్టరమ్మనూ సెలైన్ సీసాలనూ మోసుకుపోయే బండి అదొక్కటే.

“మళ్ల అదేనా రాయమల్లు?”

“అదే అన్నా,” అన్నాడు డ్రైవర్. “గుంతల పడ్డదంటే స్టీరింగ్ చేతుల్ల ఆగుతలేదు. మొన్న వరి మడిల దిగినం. డాక్టరమ్మ నెత్తికి దెబ్బ తాకింది. ఇంకోపారి గిట్లయితే నా నౌకరి ఉండది. నీ షెడ్డుకు దవాఖాన బండ్లు రావు.”

కైలాసం కిందికి దూరాడు. ఈ మధ్య దూరేటప్పుడు నడుము, లేచేటప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి. చక్రాలు ఎంత అదిరినా స్టీరింగు కొట్టుకోకుండా అడ్డంగా ఓ షాకబ్జర్ ఉంటుంది. అది మళ్లీ వంగిపోయింది. రెండు నెలల్లో తాను వేసిన రెండోది.

నిట్టూర్చి, దాన్ని విప్పేసి కొత్తది బిగించాడు.

షెడ్డు బల్ల మీద ఓ ముసలాయన కూర్చుని ఉన్నాడు. దవాఖానలో కళ్లు చూపించుకుని స్టేషన్ ఘన్‌పూర్ బస్సు కోసం ఆగినవాడు. మంచినీళ్లు అడిగి తాగాడు. తాగి పోలేదు.

“బిడ్డా, అది షాకబ్జర్ తప్పు కాదు,” అన్నాడు.

కైలాసం వినిపించుకోలేదు.

“దాన్ని రాడ్డుకు పట్టిచ్చిన క్లాంపు జరుగుతాంది. అది జరిగితే ఎన్ని షాకబ్జర్లేసినా వంగుతయి.”

“పెద్దయ్యా, కండ్లు కనవడక దవాఖానకు వచ్చినోనివి. బండి కింది క్లాంపు కనవడ్డదా నీకు?”

రాయమల్లు నవ్వాడు. ముసలాయన కూడా నవ్వాడు.

“కనవడలే, ఇనవడ్డది. బండి లోపలికి మళ్లినప్పుడు టక్కుమన్నది. గీత పెట్టినవా?”

కైలాసానికి ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లుగా పానా పట్టినవాణ్ణి అడగాల్సిన మాటా అది?

“మొగులు పెట్టకుంట నా షెడ్డుల కెల్లి ఒక్క బండి బయటికి పోదు.”

బోల్టు బిగించాక నట్టు మీంచి పక్కదాకా సున్నంతో ఓ గీత గీస్తారు. నట్టు కదిలితే గీత తెగి కనబడుతుంది. వరంగల్ మెకానిక్కులు దాన్నే మొగులు అంటారు.

ముసలాయన మెడ ముందుకు చాచాడు. “ఏం పెట్టినవ్?”

“మొగులు. తెల్లగ ఉంటది గద, ఆకాశంల మొగులు తీర్గ, మబ్బు లెక్క. అందుకే ఆ పేరు. ఉస్తాదుల కాలం నుంచి గదే మాట. నీకేం సమజైతది.”

“అందరు గట్లనే అంటరా?”

“కాజీపేట దాంక ఏ షెడ్డుకన్న పోయి అడుగు.”

“మంచిది బిడ్డా,” అన్నాడు ముసలాయన.

కైలాసం ఎదురుగా హోటల్లో చాయ్ తాగి వచ్చేసరికి, ఆ మనిషి జీపు కింది నుంచి పాక్కుంటూ బయటికి వస్తున్నాడు. చేతిలో తమలపాకుల సున్నం డబ్బా ఉంది.

“బండికి ఏం చేసినవయ్యా? నీకేమన్నయితే నా మీదికొస్తది. లే, బస్సుకాడికి పో.”

ముసలాయన ధోవతి దులుపుకున్నాడు. కర్ర తడుముకుంటూ వెళ్లిపోయాడు.

కైలాసం, రాయమల్లు జీపును గతుకుల బాటలో తిప్పి తెచ్చారు. స్టీరింగు చేతుల్లో ఆగింది గానీ కైలాసానికి మనసొప్పలేదు. కిందికి వంగి చూశాడు. నట్ల మీద తన గీతలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. క్లాంపునూ రాడ్డునూ కలుపుతూ మరో గీత ఉంది, తడుముతూ గీసినట్టు వంకరగా. అది తెగింది. క్లాంపు మీది గీత ముక్క వేలెడు దూరం జరిగిపోయింది.

ఇన్నేళ్లూ నట్లకే గీత పెట్టాడు, క్లాంపుకు పెట్టాలని తోచనేలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. రోడ్డు మీదికి ఉరికాడు. ఘన్‌పూర్ బస్సు అప్పుడే కదిలిపోయింది.

క్లాంపు మార్చాక జీపు మళ్లీ ఆ రోగంతో రాలేదు. కైలాసం మాత్రం రోజూ బస్సు వేళకు బల్ల వంక చూసేవాడు. ఆ పెద్దమనిషి మళ్లీ వస్తే కాళ్లకు మొక్కాలనుకున్నాడు.

రెండు నెలలకు రాయమల్లు ఆయిలు మార్పించడానికి వచ్చాడు.

“అన్నా, ఆ పెద్దాయన ఇల్లు దొరికింది,” అన్నాడు. “ఘన్‌పూర్ దిక్కు సూదులేసేటందుకు పోయినం. ఓ ఇంటి ముంగట బోరింగు నట్లకు సున్నం గీతలున్నయి. ఎవలు పెట్టిండ్రని ఆ ఇంటామె యాకమ్మను అడిగిన. మా నాయిన పెట్టిండు, ఆయన పోయి పదిహేను దినాలైతాందన్నది.”

కైలాసం చేతిలోని పానా కింద పెట్టాడు.

“ఎన్కట వరంగల్ షెడ్లల్ల పనిచేసిండట. చూపు తగ్గినంక ఊరికి పోయిండట. ఆ దినం ఇంటికి పోయి, షెడ్లల్ల ఇంకా నా పేరు తీస్తాండ్రు బిడ్డా అన్నడట. సంబురంగ రెండు బుక్కలు ఎక్కువ తిన్నడట.”

“నేనేం పేరు తీసిన రాయమల్లు? కసిరి ఎల్లగొట్టిన. ఆయన పేరే నాకు తెల్వది.”

“మొగిలయ్య,” అన్నాడు రాయమల్లు. “ఆ గీత మొదలువెట్టిందే ఆయనేనట, అప్పుడు అందరు మొగిలి గీత అనేటోళ్లట.”