సంతకం కలవలేదు

"నా సంతకం నాది కాదని చెప్పడానికి వాడెవడు?"

కిటికీ అవతల కూర్చున్నామె తలెత్తింది. ఈ ప్రశ్న ఆమెకు కొత్త కాదు. ఇంత గట్టిగా అడిగినవాడు మాత్రం ఈ వారంలో ఇతనే. వెనక వరసలో నిలబడ్డవాళ్ళంతా మెడలు సాచి చూశారు.

తండ్రి చేతిలో కాగితం ఉంది. సంతకం కలవలేదు కనుక చదువు సాయం దరఖాస్తు తిరస్కరించడమైనది. అంతే ఉంది అందులో. ఆ ఒక్క ముక్క చెప్పడానికి నలభై రోజులు తీసుకున్నారు మహానుభావులు.

పక్కన కూతురు తల వంచుకుని నిలబడింది. నర్సింగు కాలేజీలో సీటొచ్చిన పిల్ల. సోమవారం నుంచి వార్డులో డ్యూటీ. తెల్ల యూనిఫాం రెండు జతలు, తెల్ల బూట్లు, సెకన్ల ముల్లున్న వాచీ, స్టెతస్కోపు, బీపీ మిషను, నాలుగు లావుపాటి పుస్తకాలు. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా వార్డు గుమ్మం తొక్కనివ్వరు. వారం రోజులు తొక్కకపోతే సీటు వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు.

ఇవన్నీ కొనుక్కోవడానికే ఆ సాయం. అది వచ్చేలోపు మీరే కొనేసుకోండి, తర్వాత సర్దుకోవచ్చు అని కాలేజీవాళ్ళు చల్లగా చెప్పారు. సర్దుకోవడం అంటే ఏమిటో వాళ్ళకేం తెలుసు? మోటారు సైకిలు అమ్మితే యూనిఫాంలూ బూట్లూ వాచీ వచ్చాయి. మిగతావి షాపాయన మూటకట్టి, మూట మీద పిల్ల పేరు రాసి, అటకెక్కించాడు. డబ్బు చేతిలో పడితేగానీ కిందికి దించనన్నాడు. మర్యాదగానే అన్నాడు, అందుకే ఇంకా మండింది.

అప్పటినుంచీ తండ్రి తన ఆఫీసుకు నడిచే వెళ్తున్నాడు. ఇవాళ సగం పూట సెలవు కోసం సూపర్‌వైజర్ ముందు పావుగంట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పోయిన నెల కంప్యూటర్ మీద అందరికంటే వేగంగా పని తేల్చాడని చప్పట్లు కొట్టించి స్టీలు బాటిల్ ఇచ్చింది ఆ సూపర్‌వైజరే. సెలవు దగ్గరకొచ్చేసరికి ఆయనకు ఆ చప్పట్లు గుర్తురాలేదు.

కిటికీ ఆమె కంప్యూటర్ ఇటు తిప్పి రెండు సంతకాలూ చూపించింది. గుర్తింపు కార్డు మీదిది పన్నెండేళ్ళ కిందటిది. చివరి అక్షరానికి కొక్కెంలా పొడుగాటి తోక ఉంది. దరఖాస్తు మీది సంతకానికి తోక లేదు.

"తోక లేకపోతే నేను నేను కాకుండా పోతానా?" చూపుడువేలికి నొప్పి పట్టీ చుట్టుకున్న చేత్తో కిటికీ చెక్క మీద కొట్టాడు. "పన్నెండేళ్ళలో నెత్తి మీద జుట్టే ఊడిపోయింది. తోక ఊడదా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తండ్రి తిరిగి చూసిన చూపుకి ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

ఆమె ఓపిగ్గానే చెప్పింది. సంతకాలు చూసేది ఈ ఆఫీసు కాదట. ఎక్కడో కాంట్రాక్టు మనుషులు చూస్తారట. అది ఎవరి పిల్ల కాగితమో, దేనికోసం పెట్టిన సంతకమో వాళ్ళకు చెప్పరు. రెండు సంతకాలు పక్కపక్కన పడతాయి. కలిసిందనో కలవలేదనో ఒక నొక్కు నొక్కి తర్వాతదానికి పోతారు.

తండ్రి వేలి పట్టీ సర్దుకున్నాడు. తర్వాత పళ్ళ మధ్య నుంచి అన్నాడు. "అలా నొక్కిన వేలు విరిచెయ్యాలి."

ఆమె సొరుగులోంచి ఫిర్యాదు కాగితం తీసింది. ఇది రాసిస్తే ఫైలు ఇవాళే మళ్ళీ తెరుస్తారు, శనివారానికల్లా డబ్బు పడుతుంది. ఒకటే మెలిక. తప్పు చేసిన మనిషి ఆఫీసు కార్డు నంబరు వెయ్యనిదే కాగితం చెల్లదు. ఆ నంబరు ఫైలులోనే ఉంది, అడిగితే చెబుతుంది.

"నంబరు వేశారంటే ఆయన ఉద్యోగం ఇవాళే పోతుందండీ," అందామె గొంతు తగ్గించి. "కాంట్రాక్టు వాళ్ళు కదా, సంజాయిషీ కూడా అడగరు. ఆలోచించుకోండి."

"ఆలోచించడానికేముంది? పోవాల్సిందే."

కూతురు అతని మోచెయ్యి పట్టుకుంది. "వద్దులే నాన్నా. ఆయనకీ పిల్లలుంటారు కదా."

"ఉంటే ఇలా చేస్తాడా? రేపు నీ సీటు పోతే వాడొచ్చి ఏడుస్తాడా నీ పక్కన?"

ఆ పిల్ల చెయ్యి వదిలేసింది. కూతురి మెత్తదనం చూసి అతనికి ఒళ్ళు ఇంకా మండింది. కిటికీ చెక్క మీదే కాగితం పెట్టి రాశాడు. కలం నొక్కుడుకి కాగితం రెండుచోట్ల చిరిగింది. కళ్ళు మూసుకుని జీతం తీసుకునే ఇలాంటి మనిషిని ఒక్కరోజు కూడా పనిలో ఉంచకూడదని రాసి, కింద గీత గీశాడు. అడుగున సంతకం పెట్టాడు, ఈసారి తోకతో సహా.

నంబరు గడి ఒక్కటే మిగిలింది.

"చెప్పండమ్మా," అన్నాడు.

ఆమె ఒక్కో అంకే చదవసాగింది. మూడో అంకె దగ్గర తండ్రి కలం ఆగింది, ఇక చాలన్నట్టు ఆమెకు చెయ్యి చూపించి, మిగిలిన మూడు అంకెలూ చొక్కా జేబులోంచి తీసిన తన ఆఫీసు కార్డు చూసి వేశాడు.