వణుకుకు మన్ను మెత్తిన గిజిగాళ్లు

"ఈ తుమ్మచెట్టు మీద ఇక ఏ పిట్టా ఒంటరిగా ఏడవదు." పెద్ద గిజిగాడు పెద్దరికం అందుకున్న రోజు ఇచ్చిన మాట అది.

ఆ వానాకాలంలోనే గాలివాన పీచన్న అనే గిజిగాడి గూటిని పిల్లలతో సహా ఎత్తుకుపోయింది. అప్పటినుంచి పీచన్న గడ్డిపోచ ముట్టలేదు. కూర్చున్నచోటే వణికేవాడు.

గూడు గాలికి ఊగకుండా లోపల తడిమన్ను మెత్తడం గిజిగాళ్ల అలవాటు. "వీడూ ఊగుతున్నాడు, మెత్తండి," అన్నాడు పెద్ద. అందరూ కలిసి పీచన్న రెక్కలకు మన్ను మెత్తారు. వణుకు ఆగింది, ఎగరడమూ ఆగింది. నయమైందని పెద్ద ప్రకటించాడు.

పక్క కొమ్మ మీది గోరింక మండిపడింది. "బాధను బరువుతో అణిచేయడం వైద్యమా? మౌనం ఆరోగ్యమా? గాయపడ్డవాళ్లంతా..."

"ఉపన్యాసం తర్వాత ఇద్దువుగానీ అక్కా, ముందు ఈ మన్ను తియ్యి," అన్నాడు పీచన్న. గాలివాన తర్వాత అతను నోరు విప్పడం అదే మొదలు.

గోరింక ముక్కుతో నీళ్లు తెచ్చి కడిగింది.

"గాలి వీస్తే పిల్లల అరుపులే వినబడుతున్నాయక్కా."

"చెప్పు, వింటాను."

రోజూ విన్నది. ఒకప్పుడు తన పిల్లలనూ గాలివానకు పోగొట్టుకున్న ముసలి కొంగ దగ్గరకు తీసుకెళ్లింది. "పూర్తిగా పోదు నాయనా. కానీ మళ్లీ చేపలు పడుతున్నాను," అంది కొంగ.

ఒక పొద్దున పీచన్న వణుకుతూనే ఒక గడ్డిపోచను కొమ్మకు ముడేశాడు. గోరింక హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆ వెంటనే వెళ్లి పెద్ద ముందు వాలింది.

"ఈ చెట్టు మీద ఇంకెందరి రెక్కలపై మన్ను ఎండుతోంది? భాద్రపద పౌర్ణమిలోగా జవాబు కావాలి."