నూరుల్లా అమ్మిన మొదటి పాసు

“ప్రొద్దుటూరులో చూసేదానికి ఏముందని పాసులు అమ్ముతాండావు భాయ్? ఈ పొద్దన్నా ఆ బోర్డు పీకేయ్!” అన్నాడు షోయబ్, బస్టాండు ముందు తన ఆటో తుడుచుకుంటూ.

నూరుల్లా తన ఆటోలో కూర్చుని పాసులు మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. అతని ఆటోకు కట్టిన బోర్డు మీద ‘ఒకే పాసు, అన్నీ చూడండి’ అని ఎర్రటి అక్షరాలున్నాయి. మైసూరులో పెళ్ళాం ఖమ్రున్నీసాతో కలిసి అలాంటి పాసు మీద ఒకరోజంతా తిరిగొచ్చినప్పటి నుంచీ అతనికి ఇదే పిచ్చి. పాసులు అచ్చువేయించి పదకొండు రోజులైంది. ఒక్కటీ తెగలేదు. ఈ సాయంత్రంలోగా ఒక్కటైనా అమ్మకపోతే ఆ బోర్డు పొయ్యిలో పెడతానని పొద్దున్నే ఖమ్రున్నీసా చెప్పి మరీ పంపింది.

సరిగ్గా అప్పుడే ఒకామె వచ్చి బోర్డు ముందు నిలబడింది. యాభై ఏళ్ళుంటాయి. నూలు చీర, చేతిలో చిన్న సంచి. బోర్డును రెండుసార్లు చదివింది.

“నిజంగానే చూపిస్తావా అప్పా, ఊరికే రాసినావా?”

నూరుల్లా ఒక్క ఉదుటున ఆటో దిగాడు. “నిజంగానేమ్మా! మూడు రకాలుండాయి. పసుపుది ఒక పూటకు, ఈ ఊరు మాత్రమే. పచ్చది దినమంతా. ఈ ఊరు, జమ్మలమడుగు మీదుగా మైలవరం డ్యాము, గండికోట. ఎర్రది రెండు దినాలు, పులివెందుల గూడా కలిపి.”

“నాకుండేది ఈ ఒక్క దినమే. సాయంత్రం ఆరుకంతా పోవల్ల.”

“అట్లయితే పచ్చదే తీసుకోండమ్మా. ఎర్రది మీకు దండగ.” మొదటి బేరం చేజిక్కుతున్న ఆత్రంలో కూడా అబద్ధం నోటికి రాలేదు అతనికి. “యా ఊరమ్మా మీది?”

“ఆదోని. ధనలక్ష్మి నా పేరు,” అంటూ ఆమె పచ్చపాసు అందుకుంది. దాని మీద ఐదు పేర్లు, ఒక్కోదాని పక్కన ఒక గడి. చూసిన చోటికల్లా నూరుల్లా కండక్టరులా చిల్లు కొట్టాలి.

షోయబ్ చేతిలో గుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

“మొదట బంగారు అంగళ్ళు చూద్దాం పాండమ్మా!”

“బంగారం వద్దప్పా. దానికి ఊరికే చిల్లు కొట్టేసి పెన్న చూపించు.”

ప్రొద్దుటూరు వచ్చి బంగారం వద్దన్న ఆడమనిషిని నూరుల్లా అంతవరకూ చూడలేదు.

పెన్నలో ఇసుకే ఎక్కువ. నడుమ ఒక పాయ సన్నగా పారుతోంది. ధనలక్ష్మి చెప్పులు ఒడ్డున వదిలేసి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని చిన్నపిల్లలా నీళ్ళలోకి నడిచింది. “శానా చల్లగుండాయి అప్పా!” అని అక్కడి నుంచే కేక పెట్టింది. ఆ కేకకు నూరుల్లాకు హుషారొచ్చింది. రెండో చిల్లు టక్కున కొట్టాడు.

జమ్మలమడుగు దాకా ఆమె ఆటోలోంచి తల బయటికి పెట్టి, కనిపించిన అంగడి బోర్డునల్లా పైకి చదువుతూనే ఉంది. మైలవరం డ్యాము మీద గాలికి కొంగు ఎగిరిపోతుంటే పట్టుకోనైనా లేదు. గండికోటలో అయితే నూరుల్లా గుండె జారింది. లోయ అంచుకు ఆమె పరుగున పోయింది మరి.

“అమ్మా, నిదానం! కాలు జారితే పెన్నలో తేల్తాం!”

ఆమె విన్లేదు. రెండు చేతులూ నోటికి అడ్డంపెట్టుకుని, “ధనలక్ష్మీ!” అని లోయలోకి తన పేరే తాను గట్టిగా పిలుచుకుంది. ఎర్రటి బండలు ఆ పేరును తిరిగి పలికాయి. పక్కనున్న కాలేజీ పిల్లలు చప్పట్లు కొట్టారు. ఈసారి ఇంకా గట్టిగా అరిచింది.

నాలుగో చిల్లు పడేసరికి నాలుగున్నర దాటింది.

“బిన్నా పోనీ అప్పా! ఆరు దాటిందంటే నా పని అయిపోయినట్టే.”

ఆటో దూసుకుపోయింది. జమ్మలమడుగు దాటాక రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద. నూరుల్లా హారన్ కొట్టీ కొట్టీ అలిసిపోయాడు. ధనలక్ష్మి దిగి, కొంగు నడుముకు దోపి, “హుయ్! హుయ్!” అంటూ తానే గొర్రెలను పక్కకు తోలింది. మళ్ళీ ఎక్కి కూర్చుని పడీ పడీ నవ్వింది.

ప్రొద్దుటూరు చేరేసరికి ఐదూ నలభై. పాసులో ఒక గడి మిగిలింది. కారందోసె.

“దోసె వద్దులేమ్మా, బస్సు పోతాది.”

“దుడ్లిచ్చి కొన్న పాసప్పా ఇది. ఐదో చిల్లు పడాల్సిందే!”

రోడ్డు పక్క బండి దగ్గర నిలబడే తినింది. కారానికి కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా చివరి ముక్కదాకా వదల్లేదు. నూరుల్లా ఐదో చిల్లు కొట్టి, ఆటోను బస్టాండు గేటు ముందుకు దూకించాడు.

“అదోమ్మా ఆదోని బస్సు! కదుల్తాండాది, పరిగెత్తండి!”

ధనలక్ష్మి కదల్లేదు. పాసును జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంది.

“బస్సెందుకప్పా? ఆదోని నా పుట్టినిల్లు. పులివెందుల పెండ్లికి పోయిన మావాళ్ళు ఆరుకంతా ఇంటికొచ్చేస్తారు, ఆ మలుపు తిప్పు. ఇరవై ఎనిమిదేండ్లుగా నేను కాపురముండే ఇల్లు ఆడనే.”