ముందు మాంసం

"ముందు కొమ్ములు కట్టరా."

"ముందు మాంసం బావా. ఈ కొండల్లో ఎవరైనా అంతే, నువ్వు తప్ప." ఆరిన్ దుప్పి తొడలోంచి ఎముక తీసి, మాంసాన్ని గుడ్డసంచిలోకి జార్చాడు. ఎండెక్కితే పాడైపోతుంది.

దుప్పిని కొట్టింది బావ వేడ్. మోకాలు బెణికి బండకు చేరగిలబడ్డాడు.

"నిరుడు నా దుప్పి కొమ్ములు పట్టుకుపోయావు. మాంసం మొయ్యడానికి తిరిగొస్తానని రాలేదు, నేనొక్కణ్ణే మొయ్యలేకపోయాను. అంతా కుళ్ళింది. నా పిల్లలు చలికాలమంతా చిక్కుడుగింజలే తిన్నారు," అన్నాడు ఆరిన్.

"అందుకేగా ఏడాదంతా ఇసుకమూటతో కొండలెక్కావు, ఇంకెవరి సాయమూ అక్కర్లేదని. వదిలెయ్, ఇదీ కుళ్ళనీ. చెల్లుకు చెల్లు."

పొద్దున ఆరిన్ అనుకున్నదీ అదే. ఈగలు ముసురుతుంటే కూర్చుని చూద్దామనుకున్నాడు. కానీ దేవుడిచ్చిన తిండి ఏం పాపం చేసింది? పైగా అది కుళ్ళితే బావ తప్పు తుడిచిపెట్టుకుపోతుంది. బావకు కావలసిందీ అదేనని ఇప్పుడర్థమైంది.

"కుళ్ళనివ్వను. అంతా మీ ఇంటికే మోస్తాను. ప్రతి ముద్దకీ నేను గుర్తు రావాలి."

"నాకు గొంతు దిగదురా."

"మా అక్క వండితే దిగుతుందిలే."

సంచి వీపుకెత్తుకుని, మొయ్యడానికి బలమిమ్మని ప్రభువును వేడుకున్నాడు. క్షమించే మనసిమ్మని మాత్రం అడగలేదు.