వాగు పొంగిన ఏడు

"గీత మీదే పడింది! అవుట్ కాదు!" అని అరిచాడు హైదరాబాద్ నుంచి వచ్చిన టెన్నిస్ కోచ్. అరిచినందుకు తానే సిగ్గుపడి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

పక్కనే ఉన్న రాజేశ్వర్ సారుకు ప్రాణం లేచొచ్చింది. ఆయన ఆర్మూరు బడిలో డ్రిల్ మాస్టరు. సిరికొండ నుంచి బదిలీ మీద వచ్చి రెండేళ్లు కావస్తోంది. వచ్చిన కొత్తలో ఇదే గచ్చు మీద, పసుపు ఆరబోసే కమలవ్వ వాళ్ల కల్లంలో, ఒంటరిగా గోడకేసి బంతి కొడుతున్న ఆమె కొడుకు దేవన్నను చూశాడు. అంతే, ఆ పిల్లాడే ఆయనకు లోకమైపోయాడు. గోనెసంచులు కుట్టించి నెట్ కట్టాడు. సున్నంతో గీతలు గీశాడు. "మింగ మెతుకు లేదు గాని మీసాలకు సంపెంగ నూనెనట" అని ఊరు నవ్వింది. నవ్వితే నవ్వనీ! మొన్న జిల్లా పోటీల్లో దేవన్న ముందు ఒక్కడు నిలబడ్డాడా?

"వయసెంతన్నారు?"

"పదమూడు నిండినయ్ సార్."

"ఆ పొడుగు చూస్తే నమ్మబుద్ధి కావడం లేదు."

"మక్కజొన్న గట్క తిన్న ఒళ్లు సార్, గట్లనే పెరుగుతది."

కోచ్ నవ్వాడు. "పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు మా దగ్గర ఒక్కటే సీటుంది. తిండి, చదువు, ఆట అన్నీ మావే. రేపే పేరు ఇచ్చెయ్యాలి. వీడికి కాక ఇంకెవరికి ఇస్తాను!"

దేవన్న ఆ మాట విన్నాడో లేదో, కాళ్లు కడుక్కోవడానికి మోటారు దగ్గరికి పరుగెత్తాడు. పెద్దవాళ్లు వాకిట్లోకి వచ్చి కూర్చున్నారు. ఇంటాయన భూమయ్య పసుపు అమ్ముకోవడానికి యార్డుకు పోయాడు. గచ్చు పక్కన నిలబడి కోచ్ మాటలన్నీ విన్న కమలవ్వే చాయ్ తెచ్చిచ్చింది.

గోడ మీద దండ వేసిన ఫోటో ఉంది. తెల్ల బట్టల్లో, చేతిలో బ్యాటుతో ఒక పిల్లాడు.

"ఎవరమ్మా?"

"మా పెద్దోడు సారూ. గంగారాం."

రాజేశ్వర్ గొంతు తగ్గించాడు. "వీన్ని సుత ఆటకే పట్నం తీస్కపోయిండ్రట సార్. మోకాలు ఖరాబైతే ఇంటికి తోలిండ్రట. నేను ఈ ఊరికి రాకముందే గా బాయిల..." అంటూ పెరటి బావి వైపు చూసి ఆగిపోయాడు. ఇప్పుడు దేవన్న చేతిలో ఉన్నది ఆ అన్న బ్యాటే.

కోచ్‌ ఫోటో మీంచి చూపు తిప్పుకున్నాడు. "ఈ జిల్లాలో ఎటు చూసినా రాజేశ్వర్లే ఉన్నారేంటండీ?" అని మాట మార్చాడు.

"మా దిక్కు పేరు ఊకెనే పెట్టరు సార్. వేములవాడ రాజన్నకు మొక్కితే పుట్టిన, గందుకే రాజేశ్వర్."

కమలవ్వ స్తంభానికి ఆనుకుని అంతా వింటోంది. ఉన్నట్టుండి అడిగింది. "సారూ, గిట్ల తీస్కపోయిన పోరగాళ్లల్ల ఎంతమంది పైకొస్తరు?"

కోచ్ మంచివాడు. అబద్ధం చెప్పలేకపోయాడు. "వందమందిలో ఒక్కడమ్మా. ఆటనే నమ్ముకుని బతికేది ఆ ఒక్కడే."

"మరి మిగిలినోళ్లు?"

"ఏముంది, ఇళ్లకు వెళ్లిపోతారు."

కమలవ్వ తల ఊపింది. కొంగు సర్దుకుని నవ్వుతూ మాటల్లోకి దిగింది.

"మా దేవడు ఆ ఒక్కడైతడు సారూ. వాని పుట్టుకనే అసొంటిది. పెద్దవాగు పొంగి కల్లాలల్ల పసుపంత కొట్టుకపోయిన ఏడు లేదా? ఇల్లంత నీళ్లు. మంచం మీద మంచమేసి కన్న వాన్ని!"

కోచ్ చేతిలో కప్పు ఆగిపోయింది.

"యార్డు గోడ మీద ఆ వరద గుర్తు గీసి ఉంది. పొద్దున బస్సు దిగి వస్తూ చూశాను. కింద డెబ్బై నాలుగు అని రాసుంది. ఇది తొంభై ఒకటి. అంటే వీడికి పదిహేడేళ్లా?"

రాజేశ్వర్ లేచి నిలబడ్డాడు. "బడిల పదమూడే ఉన్నది సార్..."

"చెయ్యి తల మీదుగా చెవికి అందితే ఐదేళ్లని రాసుకునే బడులేగా! నాకు తెలియనివా? పోయినేడు ఇలాగే ఒకణ్ని తీసుకుని మాటపడ్డాను."

"డాక్టర్‌తోని పరీక్ష చేయిద్దాం సార్. జర ఆగుండ్రి, మీ కాళ్లు మొక్కుత."

"ఎప్పుడండీ? రేపే పేరివ్వాలి. కన్నతల్లే చెబుతుంటే ఇంక పరీక్షెందుకు? నిర్మల్ ఊరి పిల్లాడికి ఇచ్చేస్తాను."

చాయ్ సగంలోనే వదిలి కోచ్ బస్సుకు వెళ్లిపోయాడు. తడి కాళ్లతో వచ్చిన దేవన్న "నన్ను ఎప్పుడు తీస్కపోతరట సార్?" అని అడిగాడు. రాజేశ్వర్ కోచ్ పోయిన దారి వైపు చూశాడు. పిల్లాడికి అర్థమైంది. గచ్చు మీదికి పోయి, బ్యాటు ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

రాజేశ్వర్‌ కమలవ్వ వైపు విసురుగా తిరిగాడు. నోటి దాకా వచ్చిన ముద్దను నేలపాలు చేసింది గదా ఈ తల్లి! గట్టిగా కసిరేవాడే.

"ఏమైంది సారూ? నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?" అంది కమలవ్వ.

అమాయకురాలు. ఏమనగలడు? కోపం దిగమింగుకున్నాడు. "నీ తప్పేం లేదక్కా. వాని నసీబు. భూమయ్యన్నకు ఏం చెప్పాల్నో సమజైతలేదు."

"ఆయనకు నేను చెప్త."

బయట పిల్లాడి ఏడుపు వినలేక, ఏదో ఒకటి మాట్లాడాలని రాజేశ్వర్ అడిగాడు. "గంత వరదల దేవుడే కాపాడిండనా అక్కా, దేవన్న అని పెట్టుకున్నరు?"

కమలవ్వ లేచి, కొంగుతో ఫోటో మీది దుమ్ము తుడిచింది.

"వాగు నీళ్లల్ల పుట్టినోనికి గంగారాం అని పెట్టుకున్నం సారూ."